పసుపు దారం, జానెడు గుడ్డ

ఆ గోదాములో గుడ్డ అంచుకు కట్టిన పసుపు దారానికి ఒకటే అర్థం. ఇక్కడ నేతలో తప్పు ఉంది, ఆ తప్పు మాది, దానికి బదులు జానెడు గుడ్డ ఎక్కువ ఇస్తాం. కొనేవాడు థాను విప్పి చూడడు. చుట్ట పక్కన వేలాడే దారాలు లెక్కపెట్టుకుంటాడు, అన్ని జానలు అదనంగా కొలిపించుకుంటాడు, భుజాన వేసుకుని పోతాడు. ఒట్లు పెట్టుకునే పని లేదు, గొంతు చించుకునే పని లేదు. దారం ఒకటి తక్కువ కడితే కొనేవాడు మళ్ళీ గుమ్మం తొక్కడు. అలా అని కనపడ్డ ప్రతి నలుసుకూ కడుతూ పోతే అమ్మేవాడు చితికిపోతాడు. ఈ రెండిటి మధ్యా ఇరవై ఆరేళ్ళుగా నిలబడి ఉన్న మనిషిని యజమానితో సహా అందరూ దారాలక్క అనే పిలుస్తారు.

నిలబడటమంటే మాటవరసకు కాదు. గోదాములో మూడు ఏటవాలు గాజు బల్లలు, వాటి కింద ట్యూబులైట్లు. పై రోలరు నుంచి కోరా గుడ్డ, ఇంకా చలవ చెయ్యనిది, వెలుతురు మీదుగా జారి కింది రోలరుకు చుట్టుకుంటుంది. కాలి కింద మీట నొక్కితే ఆగుతుంది. దారాలక్క ఎడమ చెయ్యి అంచు మీద, కుడి చేతి వెనకభాగం గుడ్డ మీద ఉంటాయి. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారిపోయింది, వెనకభాగమే ఇంకా చదవగలదు. తెగిన పడుగు పోగు, లావెక్కిన పేక, నూనె మరక ఆమె చెయ్యి కింద దాగవు. వదులైన చోట నడుముకు దోపిన చిన్న ఇత్తడి దువ్వెన తీసి నాలుగుసార్లు దువ్వుతుంది, పోగులు సర్దుకుంటాయి. సర్దుకోని దానికే దారం. మూడు బల్లల దగ్గరా కుర్చీ లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

కుర్చీ మిషనుతో పాటు వచ్చింది. పది రోజుల కిందట తూర్పు గోడ పక్కన దించారు. నల్లటి కప్పు కింద పన్నెండు కెమెరాలు, పక్కన తెర, తెర ముందు చక్రాల కుర్చీ. ఆ కుర్చీలో యజమాని కూతురు కూర్చుంటుంది. ఆ మిషనును బేరమాడి తెచ్చిందీ, దానికి గుడ్డ చూడటం నేర్పుతున్నదీ ఆ అమ్మాయే. చిన్నప్పుడు ఇదే గాజు బల్ల కింద దూరి, ట్యూబులైటు వెలుగులో బొమ్మలు వేసుకున్న పిల్ల. దారాలక్కను అప్పటినుంచీ పిన్నీ అంటుంది.

సోమవారం పొద్దున్న దారాలక్క సంచీ మేకుకు తగిలించి, పక్క మేకు కోసం చెయ్యి చాపింది. దారపు ఉండ లేదు.

"వెతక్కు, నా సొరుగులో ఉంది," అన్నాడు యజమాని వెనకనుంచి. చేతిలో పొడుగాటి కాగితం ఉంది. "శనివారం నువ్వు చూసి పంపిన ఆఖరి థానుకి ఎన్ని దారాలు కట్టావు?"

"తొమ్మిది."

"నిన్న అమ్మాయి దాన్ని మిషను కింద వేసింది. ఎన్ని చూపించిందో తెలుసా?" కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "అరవై ఒకటి."

రెండో బల్ల దగ్గర పొడుగామె, అందరూ నిచ్చెన అంటారు, మీట మీద కాలు వేసింది. మూడో బల్ల దగ్గర మనిషి కూడా ఆపింది. ఆమెను గడియారం అంటారు, టైమెంతయిందో అడక్కుండానే చెబుతుంది కాబట్టి. ఇద్దరికీ పని నేర్పింది దారాలక్కే.

"అరవై ఒకటిలో తొమ్మిది తీస్తే యాభై రెండు," అన్నాడు యజమాని. గొంతు పెద్దది చెయ్యలేదు గాని మాట గోదామంతా వినపడింది. "ఒక్క థానులో యాభై రెండు జానలు ఎగ్గొట్టాం. ఇరవై ఆరేళ్ళలో ఎంతమందికి ఎగ్గొట్టి ఉంటాం? మా నాన్న పేరు చెప్పుకుని అమ్ముతున్నాను నేను. ఆయన అంచు పట్టుకుని చెబితే రాయి మీద గీత అనేవాళ్ళు. నువ్వు ఇన్నాళ్ళూ చూశావా, చూసినట్టు నిలబడ్డావా?"

చెంపదెబ్బ అయితే బుగ్గ పట్టుకోవచ్చు. ఈ మాటకు ఎక్కడ పట్టుకోవాలో తెలియక దారాలక్క నడుముకున్న దువ్వెన పట్టుకుంది.

"కాగితం ఇలా ఇవ్వండి."

ఎన్నో మీటరు, అంచు నుంచి ఎంత దూరం అని వరసగా అంకెలున్నాయి. వేలితో చివరి దాకా చదివింది. తర్వాత చక్రాల కుర్చీ వైపు తిరిగింది.

"తప్పు అంటే ఏమిటని చెప్పావే దీనికి?"

"మిగతా గుడ్డలా లేని చోటు ఎక్కడున్నా చూపించమన్నాను పిన్నీ."

"అయితే పుట్టుమచ్చ కూడా తప్పే దానికి."

"నన్ను దాని కింద పడుకోబెట్టకండమ్మా," అంది నిచ్చెన, "కాగితం చాలదు."

అమ్మాయికి నవ్వొచ్చింది. వాళ్ళ నాన్న చూసేసరికి ఆపుకుంది.

దారాలక్క నవ్వలేదు. "అయ్యగారూ, ఆ థానుని అలాగే చలవకి పంపండి. ఉతికి తెల్లగా చేశాక మళ్ళీ మిషను కిందే వెయ్యండి. నన్ను ముట్టుకోనివ్వకండి. అప్పుడు కూడా అది అరవై ఒకటి అంటే నేను చూసినట్టు నిలబడ్డదాన్నే." అక్కడితో ఆపితే సరిపోయేది. బేరంలో ఎక్కడ ఆపాలో ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్న మనిషే. అయినా నోరు ఆగలేదు. "అరవై ఒకటి దాకా ఎందుకు, నా తొమ్మిది కాకుండా పదోది ఒక్కటి కనపడినా ఈ బల్ల వదిలేసి పోతాను."

"తొమ్మిదింపావు అయింది," అంది గడియారం, ఎవరికీ అక్కర్లేకపోయినా.

యజమాని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చలవ షెడ్డు నుంచి గురువారం వస్తుంది. అందాకా మడతలు పెట్టు."

మడతలు పెట్టడం కొత్తగా చేరినవాళ్ళ పని. దారాలక్క మూడు రోజులు అదే చేసింది. అంచుకు అంచు కలిపి, మోకాలితో నొక్కి, కొస లోపలికి దోపి. ఆమె పెట్టిన మడత కత్తితో కోసినట్టుండేది. గుమ్మంలో కొనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, "అదేంటక్కా, ఇక్కడున్నావు?" అని అడిగారు. "బల్లకి జ్వరం," అని చెప్పింది.

చేతులు మడతల మీద ఉన్నా మనసు ఆ కాగితం మీదే ఉంది. అంకెలు ఒకసారి చదివితే ఆమెకు గుర్తుండిపోతాయి. వాటిని గుంపులు కట్టి చూసుకుంది. ఒక గుంపు గుడ్డంతా చల్లినట్టు ఉంది, ముప్పై ఏడు. అవి పత్తి గింజ తునకలు. నూలుతో పాటు వడికిన గోధుమరంగు నలుసులు, చలవలో కరిగిపోతాయి. ఇంకో పదకొండు తను దువ్విన చోట్లు. దువ్విన చోట పోగు తాజాగా జరిగి ఉంటుంది, నీళ్ళు తగిలితే కుదురుకుంటుంది. తన తొమ్మిది కూడా తీసేస్తే ఇంకా నాలుగు మిగిలాయి. ముప్పై ఒకటో మీటరు, యాభై ఎనిమిది, డెబ్భై ఏడు, తొంభై. నాలుగూ ఎడమ అంచుకు మూరెడు లోపే. ఆ చోట్ల ఏం చూసిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గింజ చూసి వదిలేసి ఉంటే గుర్తుండేది. అక్కడ ఆమె దేన్నీ వదిలెయ్యలేదు. అసలు చూడలేదు.

మంగళవారం సాయంత్రం ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, భర్త చొక్కా గుండీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కించింది. ఎప్పటిలాగే ఒక్కసారికి ఎక్కింది. దారం తీసేసి, కుడి కన్ను మూసుకుని మళ్ళీ ప్రయత్నించింది. సూది కన్ను ఉండాల్సిన చోట పాలు ఒలికినట్టుంది.

బస్సు నడిపి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూ చూశాడు. "ఎవరికే కన్ను కొడుతున్నావు?"

"సూదికి."

ఆయన దగ్గరికొచ్చి ఆమె కుడి కంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో వేళ్ళు చూపించాడు. "ఎన్ని?"

"వేళ్ళు కాదు, మీరే కనపడటం లేదు. హాయిగా ఉంది."

"వేళాకోళం కాదు. శుక్లం అది. నా కళ్ళకి ఏడాదికోసారి పరీక్ష పెట్టి గాని స్టీరింగు ఇవ్వరు. నీ కళ్ళకి ఎవరు పెట్టారు?"

"అందరి తప్పులకీ నా కళ్ళే పరీక్ష. వాటికెవరు పెడతారు?"

గుండీ కుట్టి, దారం పంటితో తెంపింది. పందెం సంగతి, మిగిలిన నాలుగింటి సంగతి అప్పుడు ఆయనకు చెప్పింది.

"గింజలు పోతాయంటున్నావుగా. నాలుగే కదా మిగిలేది, ఎవరు పట్టించుకుంటారు? కంటి సంగతి మాత్రం ఎత్తకు."

"నేను ఎత్తకపోయినా మిషను ఎత్తుతుంది."

"అది నాలుగు తప్పులంటుంది. గుడ్డిదంటుందా?"

దారాలక్క చొక్కా విదిలించి అంచు మీద బొటనవేలు నడిపింది. అలవాటు.

గురువారం పదకొండింటికి థాను వచ్చింది. తెల్లగా, తేలిగ్గా. అంచున వేలాడే దారాల పసుపు చలవలో వెలిసి గంజిరంగుకు తిరిగింది, ముడులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆమె ముడికి రెండు మెలికలుంటాయి, అంత తొందరగా ఊడదు.

బల్లలు ఆగిపోయాయి. అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి, గుడ్డను రోలరుకు ఎక్కించింది. యజమాని తెర పక్కన చేతులు కట్టుకున్నాడు. దారాలక్క మడతల గుట్ట దగ్గరే ఉండిపోయింది, ముట్టుకోనన్న మాట ప్రకారం.

గుడ్డ కదిలింది. ఆరో మీటరు దగ్గర మిషను టింగుమంది.

"నాదే," అంది దారాలక్క, చూడకుండానే. "తెగిన పడుగు."

అమ్మాయి అంచు చూసింది. దారం ఉంది.

పది, పదిహేను, ఇరవై మీటర్లు. మొన్న మిషను గగ్గోలు పెట్టిన చోట్లన్నీ చప్పుడు లేకుండా పోతున్నాయి. ఇరవై రెండో మీటరు దగ్గర ఇంకోటి. దారం ఉంది. యజమాని జేబులోంచి కాగితం తీసి అంకెల పక్కన పెన్నుతో కొట్టేస్తూ వచ్చాడు. కొట్టేసిన గీతలు బారులు తీరాయి. ఒక బారుకూ ఇంకో బారుకూ మధ్య ఆయన మొహం వదులవుతూ వచ్చింది.

ముప్పై ఒకటో మీటరు. టింగుమంది. అమ్మాయి అంచు చూసింది. ఇంకోసారి చూసింది.

"దారం లేదు పిన్నీ."

గుడ్డ మళ్ళీ కదిలింది. యాభై ఎనిమిది. డెబ్భై ఏడు. తొంభై. వందో మీటరు రోలరుకు చుట్టుకుని ఆగింది.

"పదమూడు," అంది అమ్మాయి. తర్వాత తండ్రివైపు తిరిగి తొందరతొందరగా చెప్పింది. "నాన్నా, అరవై ఒకటిలో నలభై ఎనిమిది తప్పులే కావు. పిన్ని చెప్పిందే నిజం. పోగు మీద ఏది నిలుస్తుందో, ఏది పోతుందో మిషనుకి తెలియదు. పిన్నికి తెలుసు."

యజమాని కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "సరే. వంద మీటర్లలో నాలుగంటే లెక్కలోకి రాదులే. వెళ్ళు దారాలక్కా, నీ బల్ల దగ్గరికి."

దారాలక్క అప్పుడు ఊరుకుంటే సరిపోయేది. బల్ల తిరిగి వచ్చింది, మాట నెగ్గింది, నాలుగుంటే ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నాడు. బేరంలో అడిగినదానికన్నా ఎక్కువే దక్కింది.

"నా దారపు ఉండ ఇప్పించండి," అంది.

సొరుగు తెరిచి ఇచ్చాడు. ఆమె మిషను దగ్గరికి వెళ్ళి గుడ్డను వెనక్కి తిప్పించింది. తొంభయ్యో మీటరు దగ్గర చెయ్యి వెనకభాగం ఆనించింది. ఉంది. లావుపాటి పేక, మీసంలా. అంచుకు దారం కట్టి రెండు మెలికలు వేసింది. డెబ్భై ఏడు. యాభై ఎనిమిది. ముప్పై ఒకటి. నాలుగు పసుపు దారాలు, తెల్లటి గుడ్డ మీద పొరపాటు పడటానికి వీల్లేకుండా.

"ఇవి లెక్కలోకి వస్తాయి," అంది. "నాలుగూ ఎడమ పక్కే ఉన్నాయి చూడండి. నా ఎడమ కన్ను మసకబారింది. మొన్నటిదాకా నాకే తెలియదు, ఈ మిషను కాగితం చదివాక తెలిసింది. నలభై ఎనిమిది చోట్ల అది నన్ను తప్పు పట్టింది, నాలుగు చోట్ల నిజం పట్టింది. రెండూ చెప్పాలి కదా." ఉండ మేకుకు తగిలించింది. పక్క మేకు మీద ఉన్న సంచీ తీసి భుజానికి వేసుకుంది. "పదోది కనపడితే పోతానన్నాను. నాలుగు కనపడ్డాయి."

"పిన్నీ!"

"అక్కా, నోరుజారిన మాట అది," అంది నిచ్చెన.

"నోరుజారినా నా నోరే కదే."

గుమ్మం దాకా పదహారు అడుగులు. ఆమె తొమ్మిది వేసింది.

"దారాలక్కా." యజమాని గొంతు. "దారం కట్టిన థానుని ఈ గోదాములో ఎప్పుడైనా వీధిలో పారేశామా?"

ఆమె ఆగింది.

"చెప్పు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి?"

"లేదు."

"ఏం చేస్తాం?"

"జానెడు ఎక్కువిచ్చి అమ్ముతాం."

యజమాని మేకు దగ్గరికి వెళ్ళి ఉండలోంచి జానెడు దారం తెంపాడు. తన చొక్కా ఎడమ చేతి మణికట్టు దగ్గర గుండీకి చుట్టాడు. వేళ్ళకు అలవాటు లేని పని. ముడి రెండుసార్లు జారింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. మూడోసారి నిలిచింది.

"నాలుగు నీవి," అన్నాడు. "ఇది నాది. అందరి ముందూ కాగితం చదివాను, చదివేముందు నిన్ను అడగలేదు."

గడియారం కూడా టైము చెప్పలేదు.

దారాలక్క వెనక్కి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకోకుండా, ముడి మాత్రం రెండు వేళ్ళతో లాగి చూసింది. "ఒక్క మెలికే వేశారు. ఊడిపోతుంది."

"నువ్వు వెయ్యి రెండోది."

"మీ తప్పుకి ముడి మీరే వేసుకోవాలి." అని, సంచీ భుజం మార్చుకుంది. "దారం కట్టారు, బాగుంది. జానెడు ఏదీ?"

యజమాని మొహంలో అప్పటికి మూడు రోజులుగా కనపడని వెలుగు కనపడింది. బేరం మొదలైంది. బేరం మొదలైతే మనిషి పోనట్టే. "ఏం కావాలి?"

"మిషను వచ్చింది, ఇంక మూడు బల్లలు ఎందుకన్న ఆలోచన మీకుంది. లేదనకండి, మిషను వచ్చిన రోజే నా బల్లకీ గోడకీ మధ్య జానలు వేసుకుని చూశారు మీరు."

ఆయన లేదనలేదు.

"ఈ ఇద్దరూ ఉంటారు. నిలబడి కాదు." చక్రాల కుర్చీ వైపు గడ్డం చూపించింది. "ఒక్క కుర్చీతో సరిపెట్టారు ఇన్నాళ్ళకి. ఇంకో మూడు తెప్పించండి."

"అది జానెడా? మూరెడు!"

"చెయ్యి చిన్నదీ పెద్దదీ ఉంటుంది. నా జానతో కొలిచాను."

యజమాని నవ్వాడు. "సరే. మరి నీ నాలుగు దారాలకి నాలుగు జానలు ఏవీ? నువ్వేమిస్తావు?"

దారాలక్క ఆలోచించింది. నడుము నుంచి ఇత్తడి దువ్వెన తీసి, మిషను తెర పక్కన బల్ల మీద పెట్టింది.

"దీనికి నేర్పుతాను. ఏది గింజో, ఏది దువ్వితే పోతుందో, ఏది చచ్చినా పోదో. ఎడమ పక్క నా బదులు అది చూస్తుంది. అది చూసినదాన్ని ఏమనాలో నేను చెబుతాను."

అమ్మాయి దువ్వెన తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. చిన్నప్పుడు దాన్ని దొంగిలించి బొమ్మల జుట్టు దువ్విన పిల్లే. గొంతు తగ్గించి అంది, "పిన్నీ, నీకు చెప్పకుండా దాచడం బాగుండదు. నువ్వు నేర్పితే రెండేళ్ళలో గింజలన్నీ అదే గుర్తుపడుతుంది. అప్పుడు నువ్వు..."

"గుర్తుపట్టనీ. మంచిదేగా. రెండేళ్ళకి మగ్గాలు కొత్త తప్పులు కనిపెట్టకుండా కూర్చుంటాయటే? ఇరవై ఆరేళ్ళుగా వాటిని చూస్తున్నా. మహా తెలివైనవి."

శుక్రవారం ఆమె కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, చీటీ రాయించుకుని, మధ్యాహ్నం నుంచి పనిలోకి వచ్చింది. అప్పటికి మూడు కుర్చీలు దిగి ఉన్నాయి, చక్రాలు లేనివి. చక్రాలకు ఇంకో బేరం కావాలి. నిచ్చెన కూర్చుని, ఎత్తు తగ్గినందుకు గోదాము కొత్తగా ఉందంది. గడియారం కూర్చోగానే టైము చెప్పింది.

దారాలక్క మిషను పక్కన, అమ్మాయి పక్కన కూర్చుంది. అరచేతి మేర గుడ్డ తెరంత పెద్దదై కనపడుతోంది. ఒక్కో చుక్క దగ్గరా అమ్మాయి ఆపుతోంది.

"ఇది?"

"గింజ."

"ఇది?"

"దువ్వు, పోతుంది."

"ఇది?"

దారాలక్క వంగి, తెర వదిలేసి, చెయ్యి వెనకభాగం గుడ్డ మీద ఆనించింది. "నూనె. దీనికి కట్టు." దారం అమ్మాయికే ఇచ్చింది. "రెండు మెలికలు."

గుమ్మం దగ్గర పాత కొనుగోలుదారు ఒకాయన చలవ థాను భుజానికెత్తించుకుంటూ దారాలు లెక్కపెట్టాడు. తొమ్మిది వెలిసినవి, నాలుగు కొత్తవి. పదమూడు జానలు కొలిపించుకున్నాడు. గుడ్డ కొలిచిన యజమాని మణికట్టు దగ్గరి దారం మీద ఆయన చూపు ఆగింది.

"ఇక్కడొకటి ఎక్కువుందే. ఇదెక్కడి తప్పు?"

యజమాని ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఈ కొట్టుదే," అన్నాడు. "దాని జానెడు లోపల కూర్చుని ఉంది."